డిఫెండర్లకు కట్టిన పలుపు

స్కాట్లాండ్ నుంచి కొత్త కోచ్ వస్తున్నాడని మా క్లబ్బు మేనేజరు పిలిచి చెప్పినప్పుడు ఆయన గురించి నాకు తెలిసింది ఒక్కటే, ట్రాక్‌సూట్ సైజు. అంతకుముందు కోచ్ వదిలేసి పోయిన ట్రాక్‌సూట్లు నాలుగు నా స్టోర్‌లో ఉన్నాయి. వాటి ఛాతీ మీద ఆయన పేరులోని రెండు అక్షరాలు కుట్టి ఉన్నాయి. బ్లేడుతో ఆ కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, కొత్తాయన అక్షరాలు కుట్టించాలి. ఆ సీజన్లో ఆ పని చేయడం అది మూడోసారి. గుడ్డ అక్కడ పలచబడిపోయింది. ఈయనెన్నాళ్లుంటాడో చూసి కుట్టిస్తే దారమైనా మిగులుతుంది కదా అనుకున్నాను. పైకి మాత్రం "హాదర్, ముదీర్" అన్నాను. చిత్తం దొరగారూ అన్నమాట. పైకి అలా అనడం నాకు బాగా అలవాటు.

మా క్లబ్బు ఉన్నది నజ్రాన్ నుంచి కారులో గంట దూరంలో ఒక చిన్న ఊళ్లో. టీవీ పెడితే రియాద్‌లో, జెద్దాలో పెద్ద క్లబ్బులు లోకంలో పేరున్న ఆటగాళ్లందర్నీ కొనేసుకుంటూ కనిపిస్తాయి. అది చూసి మా పెద్దలకీ పూనకం వచ్చింది. మాదేమో కింది నుంచి లెక్కపెట్టుకోవాల్సిన లీగు. గోల్ వెనక వలకి చిరుగులు పడితే సూదీ దారం పట్టుకుని నేనే కుట్టేవాణ్ణి. అయినా మీటింగుల్లో 'ప్రాజెక్టు' అనేవాళ్లు, 'విజన్' అనేవాళ్లు. ప్రాజెక్టు అంటే మూడు మ్యాచులు ఓడితే కోచ్‌ని మార్చడం. విజన్ అంటే కొత్తవాడి భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగడం.

నా సంగతీ చెప్పాలి కదా. మాది అనంతపురం జిల్లా, గొర్రెలు కాచిన ఇల్లు. జుబైల్‌లో ఫ్యాక్టరీలకు షట్‌డౌన్ పెట్టినప్పుడల్లా ఫిట్టర్ల వెనక స్పానర్లు మోసి మోసి నడుం పోయింది. ఆనక వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని, వీసా ఇచ్చే కఫీలుని మార్చుకుని, ఈ క్లబ్బులో పడ్డాను. మెడలో వేసుకునే కార్డు మీద 'కిట్ మేనేజర్' అని ఉంటుంది. సర్కారు ఇచ్చే ఇకామా కార్డులో మాత్రం 'ఆమిల్' అని ఉంటుంది, అంటే కూలీ. జెర్సీలు ఉతికించడం, బూట్లకు స్టడ్లు మార్చడం, బంతులకు గాలి కొట్టడం, టీ కాయడం నా పనులు. వీటన్నిటికంటే బాగా చేసే పని ఇంకోటుంది. ఎదురుగా ఎవరు నిలబడ్డా సరే, కింది నుంచి పైదాకా చూసి లోలోపల వెక్కిరించడం. దానికి జీతం ఉండదు గాని, ఎడారిలో పొద్దు పోవాలంటే అంతకు మించిన మార్గం నాకు దొరకలేదు.

కొత్త కోచ్‌ని తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకి నేనూ, టీమ్ బస్సు నడిపే డ్రైవరన్నా వెళ్లాం. డ్రైవరన్నది కరీంనగర్ వైపు. ఆ ఊళ్లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. గాజు తలుపులోంచి ఒక మనిషి పక్కకి ఒరిగి నడుస్తూ వచ్చాడు. ఆరడుగుల పైన ఎత్తు. మెడ ఎర్రగా కాలిపోయి ఉంది. ముక్కు ఒక వైపుకి తిరిగిపోయింది. మోకాళ్లు రెండూ వంగనంటున్నాయి. చేతిలో ఒక్కటే సూట్‌కేసు.

"ఏందిరా భై, కోచ్‌ను పంపుమంటే కుస్తీల పహిల్వాన్‌ను పంపిండ్రా? గా ముక్కు సూడు," అన్నాడు డ్రైవరన్న నా చెవిలో.

"నడిసేకే రాలేదు గదన్నా, ఈయప్ప వాళ్లకేం పరిగెత్తేది నేర్పిస్తాడు?" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. మేమేదో స్వాగతం పలుకుతున్నామనుకుని ఆయన కూడా నవ్వాడు. సూట్‌కేసు అందుకోబోతే ఇవ్వలేదు, తనే మోసుకున్నాడు. ఇతను పెద్దమనిషి కాదని అక్కడే తేల్చేశాను. పెద్దమనిషైతే మనతో మోయిస్తాడు కదా.

ప్రాక్టీసు అయ్యాక రోజూ నా స్టోర్‌కి వచ్చేవాడు. ఐసు పెట్టె ఉండేది అక్కడే మరి. బంతుల సంచి మీద కూర్చుని, రెండు మోకాళ్లకూ ఐసు కట్టుకుని, నేను కాచిన టీ తాగుతూ మాట్లాడేవాడు. మొదటి రెండు వారాలు ఆయన ఇంగ్లీషు నాకొక్క ముక్క అర్థమైతే ఒట్టు. మాటలన్నీ గొంతులోనే నలిగి బయటికొచ్చేవి. నేను తల ఊపుతూ కూర్చునేవాణ్ణి. మెల్లమెల్లగా చెవికి పట్టింది.

పట్టాక తెలిసిన కథ ఇదీ. ఓడలు కట్టే ఊళ్లో పుట్టాడు. తండ్రి వెల్డరు. పదహారేళ్లకే ఒక క్లబ్బులో చేరాడు. చేరిన రోజు నుంచి మానేసిన రోజుదాకా డిఫెండరే. ముందుకెళ్లి గోలు కొట్టే పని కాదు, కొట్టడానికి వచ్చేవాణ్ణి ఆపే పని. పద్దెనిమిదేళ్లు అలా వచ్చేవాళ్లని ఆపాడు. ముక్కు మూడుసార్లు విరిగింది. దేశం జట్టు నుంచి ఒకే ఒక్కసారి పిలుపొచ్చింది. తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆటంతా వానలో తడుస్తూ కూర్చున్నాడు. లేచి కాస్త ఒళ్లు వేడి చేసుకోమని కూడా ఎవరూ అనలేదు. మళ్లీ పిలవలేదు.

"మీరు ఎన్ని గోల్స్ కొట్టారు కోచ్?" అని అడిగాను, గుచ్చుదామనే.

"వాళ్ల గోల్లోకా, మా గోల్లోకా?" అన్నాడు.

ఒక కప్పు సెమీఫైనల్లో బంతి ఈయన కాలికి తగిలి సొంత గోల్లోకి పోయిందట. పద్దెనిమిదేళ్లలో ఆపిన బంతుల్లో ఒక్కటీ ఎవరికీ జ్ఞాపకం లేదు. అది మాత్రం ఇప్పటికీ ఆ ఊరి మాంసం కొట్టువాడు గుర్తు చేసి మరీ తూకం వేస్తాడట. ఆట మానేశాక కోచ్ అయ్యాడు. సొంత దేశంలో మూడు క్లబ్బులు తీసేశాయి. ఆ తర్వాత వేడి దేశాలు పట్టాడు. ఒకచోట ఏడాది, ఒకచోట ఆర్నెల్లు. ఆఖరికి మా దగ్గర తేలాడు.

నేను లోలోపల పెదవి విరిచాను. ఇదీ ఒక కెరీరేనా? ఒక బెంచీ, ఒక సొంత గోలు, మూడు విరిగిన ముక్కులు. మా నాన్న నలభై ఏళ్లు గొర్రెలు కాస్తే, తోడేలు ఎత్తుకుపోయిన ఒక్క గొర్రె గురించే ఊరంతా మాట్లాడేది. ఈయన కథ వింటున్నప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు. తట్టి ఉంటే కాస్త మర్యాదగా వినేవాణ్ణేమో. ఏమో, విననేమో కూడా.

ఆయన వచ్చేసరికి ఏడు మ్యాచులు మిగిలున్నాయి. మేము కింది నుంచి రెండో స్థానంలో ఉన్నాం. ఒప్పందం చాలా తేలిగ్గా ఉంది. జట్టు కింది లీగుకి జారిపోకుండా నిలబెడితే ఇంకో ఏడాది ఉద్యోగం, జారితే ఇంటికి. మధ్యలో వద్దనిపిస్తే అప్పుడే ఇంటికి.

"ఇది పోతే ఇక నన్నెవరూ పిలవరు," అన్నాడొక సాయంత్రం ఐసు విప్పుకుంటూ. "యాభై తొమ్మిదేళ్లొచ్చాయి. ఇది తప్ప నాకింకేదీ చేతకాదు."

జాలి కోసం అనలేదు. రేపు గాలి ఉంటుందట అన్నట్టు అన్నాడు. నేను "ఇన్‌షా అల్లా, అంతా మంచే జరుగుతుంది కోచ్" అన్నాను. ఆ మాట అనడానికి ఖర్చేముంది?

మా డిఫెండర్లు నలుగురు. అద్దం ముందు నిలబడే సమయంలో సగం గోల్ ముందు నిలబడినా మేము ఎప్పుడో పై లీగులో ఉండేవాళ్లం. నలుగురివీ నాలుగు దిక్కులు. ఒకడు ముందుకురికితే ఒకడు వెనక్కి నడుస్తాడు, మూడోవాడు లేసు కట్టుకుంటాడు, నాలుగోవాడు రిఫరీతో వాదిస్తాడు. బంతి గాల్లోకి లేస్తే ఎవడూ అరవడు. నాది అని అరిచి ఎగరాలిరా నాయనా, అరవకపోతే ఇద్దరెగిరి గుద్దుకుంటారు, లేదా ఇద్దరూ చూస్తూ నిలబడతారని కోచ్ గొంతు చించుకునేవాడు. మా వాళ్లకి అరవడం నామోషీ. నలుగురిలో కాస్త నయం కెప్టెన్. ఆ చుట్టుపక్కల పేరున్న వంశం వాళ్లబ్బాయి, స్కూల్లో టీచరు. అతనొక్కడే కోచ్ చెప్పింది వినేవాడు.

ఆయన వచ్చాక ఒక మ్యాచ్ ఓడి, మాటలతో పని జరగదని తేలాక కోచ్ నా దగ్గరికొచ్చి ఒక తాడు కావాలన్నాడు. నలుగురి నడుములకూ వరసగా ఒకే తాడు కడతాడట. ఒకడు కదిలితే మిగతా ముగ్గురూ కదలాలి, ఒకడు ఆగితే అందరూ ఆగాలి. లేకపోతే తాడు లాగి గుర్తు చేస్తుంది. కుర్రతనంలో తనకీ అలాగే కట్టి నేర్పారట.

"మెత్తగా ఉండాలి. నడుం కోసుకోకూడదు," అన్నాడు.

హార్డ్‌వేర్ దుకాణంలో నైలాన్ తాడు చేతిలో రాసి చూశాను. చెమట పట్టిన ఒంటికి అది బ్లేడుతో సమానం. తాళ్ల గురించి నాకొకరు చెప్పాలా? డ్రైవరన్నని బస్సు తిప్పమని నజ్రాన్ పశువుల సంతకి తీసుకెళ్లాను. కోచ్ కూడా మాతో వచ్చాడు గాని, మోకాళ్ల నొప్పితో బస్సులోనే ఉండిపోయాడు. నేనొక్కణ్ణే లోపలికెళ్లాను. గొర్రెల వాసన ముక్కుకి తగలగానే నా నడకే మారిపోయింది. ఆ దేశంలో అన్నేళ్లలో ఒక పని గురించి అందరికంటే నాకే ఎక్కువ తెలుసనిపించిన రోజు అదొక్కటే. ఉన్నితో నేసిన పలుపులు వరసగా వేలాడుతున్నాయి, నలుపూ ఎరుపూ తెలుపూ కలిపి. వాళ్లు దాన్ని రసన్ అంటారు. ఒంటె తలకి కట్టి నడిపించుకుపోయే తాడు. చెంపకి ఆనించుకుంటే దుప్పటిలా ఉంది.

"ఎన్ని ఒంటెలకి?" అని అడిగాడు అమ్మే ముసలాయన.

"నాలుగు," అన్నాను.

అని నవ్వాపుకోలేక చచ్చాను. బస్సెక్కి ఆ మాట డ్రైవరన్నకి చెబితే ఆయన స్టీరింగు మీద పడి నవ్వాడు. ఏమిటని కోచ్ అడిగితే, తాడు చాలా మంచిది దొరికిందని చెప్పాను. ఆయన కూడా చేత్తో నిమిరి చూసి, భేష్ అన్నట్టు నా వీపు తట్టాడు. కాబట్టి తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు. మా ఊళ్లో ఎవడి నడుముకైనా పలుపు కట్టి బజారులో నడిపిస్తే తలలు పగిలిపోవూ?

మొదటి రోజు తాడు చూడగానే నలుగురి మొహాలూ మాడిపోయాయి. ఒకడు ఏదో గొణిగాడు. కోచ్ విజిల్ ఊది, ఎవరి మొహం వైపూ చూడకుండా తనే ఒంగలేక ఒంగి ఒక్కొక్కరికీ కట్టాడు. కెప్టెన్ మారు మాట్లాడకుండా కట్టించుకున్నాడు, అతన్ని చూసి మిగతావాళ్లు. ఆ సాయంత్రం కెప్టెన్ ఒంటరిగా నా స్టోర్‌కి వచ్చాడు.

"ఈ తాడు మార్చు సోదరా," అన్నాడు నెమ్మదిగా. "పద్ధతి మంచిదే. తాడే బాగాలేదు. ఇంకేదైనా తీసుకురా."

హాదర్ అన్నాను. అతను అటు వెళ్లగానే పళ్లు బయటపెట్టి నవ్వాను. చూశావా, యువరాజు నడుముకి ఉన్ని కూడా గుచ్చుకుంటోందట, ఇక పట్టు తాడు నేయించాలి కాబోలు. మర్నాడు మార్చలేదు. ఆ మర్నాడూ మార్చలేదు. అతను మళ్లీ అడగలేదు. అలాంటివాళ్లు రెండోసారి అడగరు. ఆ సంగతి కూడా నాకు తెలుసు.

ఇటు చూస్తే తాడు పని చేస్తోంది. వారం తిరిగేసరికి నలుగురూ ఒక గీత మీద కదులుతున్నారు. తాడు కట్టాక మొదటి మ్యాచ్‌లో గోలు ఇవ్వలేదు, కొట్టలేదు. రెండోది గెలిచాం. చాలా నెలల తర్వాత గెలుపు. కోచ్ గంతులేయలేడు కాబట్టి రెండు చేతులూ రుద్దుకుంటూ స్టోర్‌లో అటూ ఇటూ తిరిగాడు. ఇంకో రెండు గెలిస్తే గట్టెక్కుతామన్నాడు. కింది లీగు మాట ఆయన నోట రాని రోజు అదొక్కటే.

మూడో మ్యాచ్‌కి ముందు ప్రాక్టీసులో గోడ అవతల నుంచి ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. నలుగురు మగవాళ్లు రసన్‌తో కట్టేసి ఉన్నారు, వెనక ఒక తెల్లవాడు విజిల్ ఊదుతూ అదిలిస్తున్నాడు. ఒక పూటలో ఊరూరా తిరిగింది. కింద రాసిన మాటలు డ్రైవరన్నకి వాళ్ల మెకానిక్కు చదివి చెప్పాడట. ఒంటెలు అమ్మకానికున్నాయి, పళ్లు చూసి కొనుక్కోండి అని రాశారట. తర్వాతి మధ్యాహ్నం కెప్టెన్ మేనమామలు మూడు కార్లలో క్లబ్బుకి వచ్చారు. అరవలేదు. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు. అక్కడ కాఫీ ముట్టుకోలేదంటే తిట్టిన దానికంటే ఎక్కువ.

మేనేజరు నన్ను పిలిపించాడు. "ఆ తాడు తీసుకునిరా."

తాడు తీసుకుని ఆఫీసులోకి వెళ్లాను. గది నిండా అత్తరు, కోపం. మేనమామలు ఒక వైపు సోఫాల్లో, మేనేజరు బల్ల వెనక, కోచ్ ఒక్కడే మధ్యలో కుర్చీ వేసుకుని. తాడు నేల మీద పెట్టాను. దాన్ని చూసి ఒక ముసలాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. అది పశువుకి కట్టేదని మేనేజరు కోచ్‌కి ఇంగ్లీషులో వివరించాడు. కోచ్ మొహంలో రంగు మారింది. నిజంగానే ఆయనకప్పటిదాకా తెలియదు. సంతలోంచి తెచ్చానని తెలుసు, అంతే. సంతలో తాళ్లు కూడా అమ్ముతారనుకున్నాడు.

మేనేజరు గడుసువాడు. కోచ్ పోతే ఇంకో కోచ్‌ని వెతకాలి, అప్పటికి నాలుగే మ్యాచులున్నాయి. అందుకని ఒక దారి తెరిచాడు. "కోచ్ పరాయి దేశం మనిషి, ఆయనకేం తెలుస్తుంది? ఎవడో పనివాడు తెచ్చి ఉంటాడు," అన్నాడు అరబ్బీలో మేనమామలతో. అదే మాట ఇంగ్లీషులో కోచ్‌తో అన్నాడు. తర్వాత, "ఎవరు తెచ్చారు?" అని అడిగాడు.

పనివాడు అంటే ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆ సాయంత్రానికే పాస్‌పోర్టు మీద దేశం వదిలి పొమ్మనే ఖురూజ్ ముద్ర కొడతారు. ఇంక తిరిగి రానక్కర్లేదు. పెద్దవాళ్ల కోపం చల్లారుతుంది. కోచ్ ఉంటాడు.

నాకు కారణాలు ఉన్నాయి. అందరికీ ఉంటాయి. ఇంటి దగ్గర పని లేదు, నడుం లేదు, మళ్లీ ఏజెంటు కాళ్లు పట్టుకునే ఓపిక లేదు. గది చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది. నేను ఒంగి, నేల మీద తాడు వదులుగా పడి ఉందని, దాన్ని చుట్ట చుట్టడం మొదలుపెట్టాను. ఎవరు చుట్టమన్నారు నన్ను? ఆ రెండు చేతులకీ ఏదో ఒక పని కావాలి. మోచేతికీ బొటనవేలికీ మధ్య వేసి, ఒక్కో చుట్టూ సర్ది, చాలా శ్రద్ధగా చుట్టాను.

"తాడు నేను అడిగాను," అన్నాడు కోచ్ చివరికి. "తప్పు నాది."

లేచి మేనమామల వైపు తిరిగి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని క్షమాపణ చెప్పాడు. వాళ్లలో పెద్దాయన తల పంకించాడు. అయినా ఎవరో ఒకరు పోతేగాని ఊరి నోరు మూతపడదు కదా, ఆ సాయంత్రమే మేనేజరు కోచ్‌ని తీసేశాడు. కెప్టెన్ వద్దన్నాడట. ఎవరు విన్నారు? టీచరు మాట.

"చెప్పినవా మరి?" అని డ్రైవరన్న బస్సు దగ్గర అడిగాడు.

"లేదన్నా. ఆయనే తప్పంతా తన మీదేసుకున్నాడు."

"మంచిగయింది. ఊకో. ఆయనకో దేశమున్నది, పింఛనున్నది. మనకేమున్నది? నోరు మూస్కొని పని చేస్కో." బస్సు తలుపు తీస్తూ, "నాలుగు ఒంటెలని నవ్విన మనకు గిదే ఎక్కువ," అన్నాడు. నవ్వలేదు.

ఆ రెండు రోజులూ నేనేం చేశానో చెబితే నామీద నాకే అసహ్యం. కోచ్‌ని దేవుణ్ణి చేసేశాను. మెస్‌లో అన్నం తింటూ బంగ్లాదేశీ వాళ్లకి హిందీలో చెప్పాను. మనిషంటే ఆయనేనని, అడక్కుండానే పేదవాడి మీద చెయ్యి అడ్డం పెట్టాడని, డిఫెండరంటే అదేనని. ఒకడు కళ్లు తుడుచుకున్నాడు కూడా. నిన్నటిదాకా కుంటి పహిల్వాన్ అని వెక్కిరించిన నోటితోనే చెప్పాను. ఎందుకంటే దేవుడైతే మన సాయం అవసరం ఉండదు. దేవుడు చేసిందానికి దణ్ణం పెట్టేస్తే సరిపోతుంది.

మూడో రోజు ఉదయం ఆయన క్లియరెన్సు కాగితం పట్టుకుని స్టోర్‌కి వచ్చాడు. అక్కడ ఉద్యోగం వదిలేవాళ్లు ప్రతి విభాగంలోనూ సంతకం తెచ్చుకోవాలి, ఈ మనిషి మా వస్తువులన్నీ ఇచ్చేశాడని. కోచైనా సరే, కిట్ రూమ్ సంతకం లేకపోతే టికెట్టు చేతికి రాదు. ట్రాక్‌సూట్లు నాలుగూ ఉతికి మడతపెట్టి తెచ్చాడు. విజిల్, స్టాప్‌వాచ్, కోన్‌లు. నేను జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టాను. ఐసు కోసం అడగలేదు, కూర్చోనూ లేదు.

నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో కూడా కాస్త నటన ఉండే ఉంటుంది. "కోచ్, మీరు నన్ను కాపాడారు. మీకు ఆ అవసరం లేదు. ఈ జన్మలో మర్చిపోను," అన్నాను.

ఆయన కాసేపు నన్ను చూశాడు. ఏదో అర్థం కానట్టు.

"నేను నిన్ను కాపాడలేదు," అన్నాడు. "పనివాడు తెచ్చాడని మేనేజరు అన్నప్పుడు నీ వైపు చూశాను. నువ్వు చెబుతావని ఆగాను."

నేను జాబితాలో పెట్టిన టిక్కులు మళ్లీ లెక్కపెట్టాను.

"తెచ్చింది నేను అని నువ్వంటే, తెమ్మన్నది నేను అని లేచేవాణ్ణి. ఇద్దరం కలిసి క్షమాపణ చెబితే ఆ ముసలాయన ఒప్పుకునేవాడు. సగం సగం తప్పుకి ఎవర్నీ పంపరు. ఒక్కడిదే తప్పంటే ఎవడో ఒకడు పోవాల్సిందే. అందుకే ఆగాను. చాలాసేపు ఆగాను. నువ్వు తాడు చుట్టుకుంటూ కూర్చున్నావు."

కోపంగా అనలేదు. మ్యాచ్ అయ్యాక గోలు ఎలా పడిందో బోర్డు మీద గీసి చూపించేటప్పుడు ఎలా చెబుతాడో అలాగే చెప్పాడు. అలా చూసేసరికి నాకూ కనిపించింది. ఆ గది, ఆ నిశ్శబ్దం, ఆయన కళ్లు. ఆయన చూశాడని నాకు అప్పుడే తెలుసు. తెలిసే తల దించుకున్నాను.

"ఇప్పుడెళ్లి చెబుతాను కోచ్. ఇప్పుడే," అన్నాను లేస్తూ.

"కొత్తాయన రాత్రికి దిగుతున్నాడు," అన్నాడు. "సంతకం పెట్టు. నాకు ఆలస్యమవుతోంది."

కాగితం నా ముందుకి జరిపాడు. కిట్ రూమ్ అన్న వరసలో ఖాళీ గడి ఉంది. ఈ ఉద్యోగి నుంచి మా విభాగానికి రావలసినది ఏమీ లేదని అందులో మన చేత్తో రాయాలి. రాశాను. కింద సంతకం పెట్టాను. పక్కన హోదా అని ఉంటే, ఏం రాయాలో తెలియక కాసేపు పెన్ను పట్టుకుని నిలబడ్డాను. ఆయన తొందర పెట్టలేదు. ఒక్క ఎత్తిపొడుపు మాటైనా అంటాడేమోనని చూశాను. నేనైతే అనేవాణ్ణి. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టీ బావుండేదని చెప్పి, సూట్‌కేసు తనే ఎత్తుకుని వెళ్లిపోయాడు.